గేటు లోపల, గేటు బయట: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అపార్ట్‌మెంట్ సంఘాల గురించి ఈ శీర్షికలో ఇదివరకు ఒక చిన్న జవాబు ఇచ్చిన దగ్గర నుంచి బెంగళూరు పాఠకుల ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. కొందరు నీళ్ళ గురించి, కొందరు చెత్త గురించి, కొందరు వెలగని వీధిదీపం గురించి రాసినా అందరూ అడుగుతున్నది ఒకటే. మేముంటున్న చోటు గురించి నిర్ణయాలు ఎవరు చేస్తున్నారు, అందులో మా మాటకు చోటుందా అని. చాలామంది ఉత్తరం చివర "మేం బయటి నుంచి వచ్చినవాళ్ళం కదా" అని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు బాధ కలిగింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము హూడిలో దాదాపు మూడు వందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాం. మెయింటెనెన్స్ నెలనెలా మేమే కడుతున్నాం. కిందటి జనరల్ బాడీ సమావేశానికి వెళ్తే "ఓనర్లకు మాత్రమే" అని తలుపు దగ్గరే చెప్పి పంపించేశారు. బాల్కనీ కమ్మీ మీద బట్టలు ఆరేశామని ఇప్పుడు అయిదు వందల రూపాయల జరిమానా వేశారు. ఈ కమిటీకి ఇంత అధికారం ఎక్కడిది?
– ఒక గృహిణి, హూడి

జవాబు: మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి కాబట్టి వాటిని విడదీసి చూద్దాం. మొదటిది, కమిటీకి అధికారం ఎక్కడ నుంచి వస్తుందన్నది. కర్ణాటకలో 1972 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ఉంది. ఫ్లాట్ల యజమానులు తమ భవనాన్ని ఆ చట్టం కిందికి తెస్తున్నామని డిక్లరేషన్ రాసి రిజిస్టరు చేయించి, దానికి బైలాస్, అంటే సంఘం నడవవలసిన నియమాలు, జతచేస్తారు. మెట్లు, లిఫ్టులు, సంపు, జనరేటరు, తోట వంటి ఉమ్మడి భాగాలను ఎవరు చూసుకోవాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి, కమిటీని ఎలా ఎన్నుకోవాలి అన్నవన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. కమిటీ చెలాయించే అధికారమంతా యజమానులు తమలో తాము రాసుకున్న ఆ ఒడంబడిక నుంచి పుట్టిందే. అందులో లేని పని చేసే హక్కు అధ్యక్షుడికి కూడా లేదు.

రెండోది అద్దెకున్నవారి స్థానం. ఇక్కడ చట్టం చెప్పే మాట మీకు రుచించకపోవచ్చు. సంఘంలో సభ్యత్వం, ఓటు యజమానులవే. మెయింటెనెన్స్ మీ చేతి మీదుగా కట్టినా అది యజమాని తరఫున కట్టినట్లే లెక్క. అయితే అదే చట్టం, డిక్లరేషన్‌కూ బైలాస్‌కూ యజమానులతోపాటు వారి అద్దెదారులు కూడా కట్టుబడి ఉండాలని చెబుతోంది. కట్టుబడి ఉండాలన్నప్పుడు ఆ నియమమేమిటో చూపించమని అడిగే న్యాయమైన అర్హత మీకుందని నా నిశ్చితమైన అభిప్రాయం. కాబట్టి జరిమానా చీటీ పట్టుకుని ఆఫీసు గదిలో వాదనకు దిగకండి. ఈ జరిమానా బైలాస్‌లోని ఏ నిబంధన కింద వేశారు, దాన్ని ఏ తేదీ సమావేశంలో తీర్మానించారు, డబ్బు కడితే సంఘం పేరు మీద రశీదు ఇస్తారా అని ఒక ఉత్తరం రాసి, ఒక ప్రతి కమిటీకి, ఇంకొక ప్రతి మీ ఇంటి యజమానికి పంపండి. నియమం నిజంగా ఉంటే జరిమానా కట్టేయండి. లేకపోతే ఆ ఉత్తరానికి సమాధానం రాయడం వారికి కష్టమవుతుంది. వచ్చే జనరల్ బాడీకి మీ యజమాని రాలేకపోతే, బైలాస్ ఒప్పుకున్న పక్షంలో ఆయన ప్రాక్సీ, అంటే ఆయన తరఫున హాజరయ్యేందుకు రాసిచ్చిన అనుమతి, తీసుకుని మీరే వెళ్ళవచ్చు. ఇల్లు అద్దెకిచ్చి దూరాన ఉన్న యజమానుల్లో చాలామంది ఈ అవకాశాన్ని వాడుకోవడమే లేదు.

మీకు ఇంకొక మాట చెప్పాలి. గేటు లోపల మీకు ఓటు లేదు, నిజమే. గేటు బయట, అంటే వార్డులో, మీరు అద్దెకున్నారా సొంతిల్లా అని అడిగేవారు ఎవరూ లేరు. మీరు మామూలుగా నివసించే చోటు అదేనా అన్నదొక్కటే ఓటరు జాబితా చూస్తుంది. మన కుటుంబాల్లో చాలామంది పదేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఓటు మాత్రం నెల్లూరులోనో కడపలోనో ఉంచుకుంటారు. ఫారం 8 నింపితే ఓటు ఇక్కడికి మారుతుంది. జనరల్ బాడీ తలుపు దగ్గర ఆపేశారని బాధపడిన మీరు, తెరిచి ఉన్న ఈ రెండో తలుపు వైపు కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: నేను హిందూపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై, మా అబ్బాయి దగ్గర కాడుగోడిలో ఉంటున్నాను. మా వీధి కాలువ పూడిపోయి ఏడాదవుతోంది. మా ఊళ్ళో అయితే వార్డు సచివాలయానికి వెళ్ళి అడిగేవాణ్ణి. ఇక్కడ ఒకరు కార్పొరేటరు లేడంటారు, ఒకరు వార్డు కమిటీ అంటారు, మరొకరు కొత్త కార్పొరేషన్ వచ్చిందంటారు. నాకేమీ అంతుపట్టడం లేదు.
– విశ్రాంత ఉద్యోగి, కాడుగోడి

జవాబు: మీరు అలవాటుపడిన వార్డు సచివాలయం ఒక ప్రభుత్వ కార్యాలయం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ ఏర్పాటులో, జీతం తీసుకునే ఉద్యోగులు బల్లకు అవతల కూర్చుని మీ అర్జీ అందుకుంటారు. వార్డు కమిటీ అలాంటిది కాదు. అక్కడ బల్ల చుట్టూ కూర్చోవలసినది మీలాంటి పౌరులే. ఉద్యోగులు వచ్చి వారికి లెక్క చెప్పాలి.

ఈ ఏర్పాటుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. 1992లో చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోని 243ఎస్ అధికరణం చెబుతోంది. నగరపాలక సభ గడువు అయిదేళ్ళేననీ, ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలనీ 243యు చెబుతోంది. కర్ణాటక 2011లో తన మునిసిపల్ కార్పొరేషన్ల చట్టాన్ని సవరించి వార్డు కమిటీలకు స్పష్టమైన రూపం ఇచ్చింది. కార్పొరేటరు అధ్యక్షతన పదిమంది సభ్యులు, వారిలో కనీసం ముగ్గురు మహిళలు, కనీసం ఇద్దరు షెడ్యూల్డ్ కులాలు లేదా తెగలవారు, ఇద్దరు నివాసుల సంఘాల ప్రతినిధులు. నియమావళి రావడానికి మాత్రం 2016 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా కమిటీలు కాగితం మీద నుంచి గదిలోకి రావడానికి హైకోర్టు పదేపదే మందలించవలసి వచ్చింది.

అంతలోనే రెండో అధికరణం గాలికి పోయింది. 2015 ఆగస్టులో ఎన్నికైన బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) సభ గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఆ తర్వాత అయిదేళ్ళకు పైగా, అంటే ఒక సభ పూర్తి కాలం కంటే ఎక్కువ రోజులు, కోటికి మించిన జనాభా ఉన్న ఈ నగరాన్ని ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేకుండా అధికారులే నడిపారు. 1862లోనే తొమ్మిదిమంది పౌరులతో పురపాలక మండలి ఏర్పడిన ఊరు ఇది. పేట ప్రాంతానికీ కంటోన్మెంటుకూ వేర్వేరుగా ఉన్న పాలక మండళ్ళను 1949లో కలిపి కార్పొరేషన్‌గా చేసిన ఊరు. అలాంటి చోట ఇంతకాలం ప్రజాప్రతినిధి లేకపోవడం చిన్న విషయంగా ఎవరికైనా తోస్తే, వారికి పూడిన కాలువ పక్కన ఇల్లు లేదనుకోవాలి.

ఇప్పుడు కొత్త కార్పొరేషన్ సంగతి. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది. ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ పైన ఉంటుంది. దాని కింద పాత బీబీఎంపీ స్థానంలో 2025 సెప్టెంబరులో సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. కె.ఆర్.పురం, మహదేవపుర ప్రాంతాలు ఈస్ట్ కార్పొరేషన్‌లోవి కాబట్టి మీ కాడుగోడి కూడా అందులోదే. పాత 198 వార్డులు చెరిగిపోయి అయిదింటికీ కలిపి 369 వార్డులయ్యాయి. మీ చేతిలో ఉన్న పాత వార్డు సంఖ్య ఇక పనికిరాదు. కొత్త వార్డు పేరు, సంఖ్య ముందుగా కనుక్కోండి.

కాలువ దగ్గరికి వద్దాం. ముందు మీరు చూడవలసినది, అందులో పారేది వాననీరా, ఇళ్ళ మురుగా అన్నది. రోడ్డు పక్క వాననీటి కాలువ కార్పొరేషన్‌ది. భూగర్భ మురుగు గొట్టం, మ్యాన్‌హోలు 1964లో ఏర్పడిన జలమండలివి. దానికి ఫోన్ చేయవలసిన సంఖ్య 1916, కార్పొరేషన్‌కు 1533. బెంగళూరులో ఫిర్యాదులు ఏళ్ళ తరబడి నానడానికి సగం కారణం ఈ తేడా తెలియకపోవడమే. ఈయన అది తనది కాదంటాడు, ఆయన ఇది తనది కాదంటాడు, ఇద్దరూ చెప్పేది ఒక్కోసారి నిజమే అవుతుంది. కరెంటు బెస్కామ్‌ది, బస్సులు బీఎంటీసీవి, లేఅవుట్ ప్రణాళిక చాలాచోట్ల బీడీఏ, అంటే బెంగళూరు అభివృద్ధి సంస్థది. వార్డు కమిటీ వీరెవరికీ హుకుం జారీ చేయలేదు. పిలిపించి జవాబు అడగగలదు, ఆ జవాబును మినిట్స్, అంటే సమావేశంలో జరిగినది రాసే పుస్తకంలో ఎక్కించగలదు.

ఆ పుస్తకం విలువ నాకు ఒక సమావేశంలో తెలిసింది. వార్డు ఇంజినీరు ఆఫీసు మేడ మీది గది, ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చినవాళ్ళు ఇరవైమంది లోపే. మొదటి అరగంట అంతా "మా వీధిలో లైట్లు వెలగడం లేదు" అని తలా ఒక మాట అన్నారు. ఇంజినీరు తల ఊపుతూ విన్నారే తప్ప ఏమీ రాసుకోలేదు. చివరి వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, నోటుపుస్తకంలోంచి చించిన కాగితం చూసి చదవడం మొదలుపెట్టారు. వెలగని స్తంభాలు పదకొండు, ఒక్కొక్క స్తంభం మీద పెయింటుతో రాసి ఉన్న సంఖ్య, ఏ ఇంటి ఎదుట ఉందో, ఏ తేదీ నుంచి వెలగడం లేదో. ఇంజినీరు కలం తీయక తప్పలేదు. ఆవిడ కూర్చోకుండా "ఆ సంఖ్యలు మినిట్స్‌లో రాశారా, ఒకసారి చదివి వినిపించండి" అన్నారు. వచ్చే నెల సమావేశంలో మొదటి అంశం ఆ పదకొండు స్తంభాలే అయింది. అప్పటికి ఎనిమిది వెలిగాయి, మూడింటికి కేబుల్ వేయాలన్నారు.

మీరూ అలాగే రాయండి. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయింది, ఎన్ని అడుగుల పొడవున పూడింది, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి వరకు, ఎప్పటి నుంచి. నాలుగు ఫోటోలు జతచేసి, అర్జీ మీద చేరినట్లు ముద్ర వేయించుకోండి. వార్డులో కార్పొరేటరు ఉన్నా లేకపోయినా అర్జీ తీసుకోవలసిన అధికారి ఉంటాడు. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ఆ కాలువ పూడిక తీతకు కిందటి ఏడాది ఎంత ఖర్చు చూపించారో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. బ్యాంకులో లెక్కలు చూసిన మీకు ఆ జవాబు ఎలా చదవాలో నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: సమావేశాల్లో అంతా కన్నడంలో మాట్లాడతారు. నాకు అర్థమవుతుంది కాని మాట్లాడలేను. నవ్వుతారేమోనని వెళ్ళడం మానేశాను.
– ఒక పాఠకుడు, బెళ్ళందూరు

జవాబు: వెళ్ళండి. "ననగె కన్నడ స్వల్ప బరుత్తె" అని మొదలుపెట్టి, వచ్చినంత మాట్లాడండి. ఆ ఒక్క వాక్యానికి మనుషులు ఎంత మెత్తబడతారో నేను చాలాసార్లు చూశాను. కాలువను చరండి అంటారు, చెత్త కస, వీధిదీపం బీదిదీప, మినిట్స్ నడవళి. అర్జీ, తీర్మానం, సభ మనవీ వారివీ ఒకటే. లిపి కూడా దగ్గరిదే కాబట్టి ఒక నెల కష్టపడితే నోటీసు బోర్డు చదవగలరు. ఇక్కడి గాలి, నీరు, రోడ్డు మనం వాడుకుంటున్నప్పుడు ఇక్కడి భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం మన ధర్మం.

ప్రశ్న: సర్జాపుర దాటాక ఒక లేఅవుట్‌లో సైటు కొని ఇల్లు కట్టుకున్నాం. పన్ను గ్రామ పంచాయతీకి కడుతున్నాం. గ్రామ సభ జరుగుతుందని డప్పు వేయించారు. మాలాంటివారు వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, సర్జాపుర రోడ్డు

జవాబు: వెళ్ళవచ్చు, వెళ్ళాలి కూడా. కర్ణాటక 1993 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ సభ ఆరు నెలలకు ఒకసారైనా జరగాలి, ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. పేరు ఇంకా చేర్చుకోకపోతే ఆ పని ముందు చూడండి. పట్టణాల్లో వార్డు కమిటీకి సభ్యులను నామినేట్ చేస్తారు కాని గ్రామ సభలో మీకు ఎవరూ స్థానం ఇవ్వనక్కరలేదు. జాబితాలో పేరుంటే చాలు, అది మీదే. ఇంత నేరుగా పౌరుడి చేతికి అందిన సభ మన పాలనలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం.

వెళ్ళేముందు ఒక్క సంగతి ఆలోచించండి. లేఅవుట్ల వారు గ్రామ సభకు వచ్చేది ఫారం 9, ఫారం 11 అనే పంచాయతీ ఆస్తి పత్రాల కోసమో రోడ్డు తారు కోసమో మాత్రమేనన్న అభిప్రాయం ఊరివారిలో ఉంది. మీ లేఅవుట్ చెత్త ఎక్కడ పడుతోంది, మీ మురుగునీరు ఎవరి చెరువులోకి దిగుతోంది అన్న ప్రశ్న మీరే ముందు లేవనెత్తితే, ఆ తర్వాత మీరడిగే రోడ్డుకు ఊరివారే మద్దతిస్తారు. పంచాయతీ అభివృద్ధి అధికారి ఎదుట మీ మాట కంటే వారి మాటకు బరువు ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్ టౌన్‌షిప్‌లో ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం టౌన్‌షిప్ బోర్డు సమావేశానికి తీసుకెళ్ళింది. మామూలు మనుషులు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి తమ వీధి గోడు చెప్పుకుంటే బోర్డువాళ్ళు శ్రద్ధగా విన్నారు. మన దగ్గర కూడా అందరూ "మా టౌన్‌షిప్" అంటారు. మరి మన బోర్డు ఏది?
– ఒక తల్లి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: మాట ఒకటే అయినా వస్తువు వేరు. మిషిగన్‌లో టౌన్‌షిప్ అంటే ప్రభుత్వమే. పూర్వం భూమిని ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచి గీసిన గీతల్లోంచి పుట్టిన స్థానిక ప్రభుత్వం. కాంటన్ 1947 నాటి చట్టం కింద నడిచే చార్టర్ టౌన్‌షిప్. అక్కడి బోర్డులో ఏడుగురు ఉంటారు: సూపర్‌వైజరు, క్లర్కు, ట్రెజరరు, మరి నలుగురు ట్రస్టీలు. అందరినీ ప్రజలే నాలుగేళ్ళకు ఎన్నుకుంటారు. క్లర్కు అంటే మన గుమాస్తా అనుకోకండి. ఎన్నికలు నిర్వహించడం, రికార్డులు భద్రపరచడం ఆ పదవి బాధ్యత. ట్రెజరరు పన్నులు వసూలు చేస్తారు. ఏ స్థలంలో ఏం కట్టవచ్చో పరిశీలించే ప్లానింగ్ కమిషన్‌లో సూపర్‌వైజరు పేర్లు సూచించి బోర్డు ఆమోదించిన స్థానికులు కూర్చుంటారు.

మీకు నచ్చిన ఆ మైకు ఎవరి దయా కాదు. 1976 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం బోర్డు తన నిర్ణయాలను ప్రజల ఎదుటే చేయాలి, హాజరైనవారికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి, సమావేశం జరిగిన ఎనిమిది పనిదినాల్లో మినిట్స్ ముసాయిదా ఎవరడిగినా చూపించాలి. నాకు మైకు కంటే ఆ ఎనిమిది రోజుల గడువే ఎక్కువ నచ్చింది. మన వార్డు సమావేశంలో మాట్లాడిన మాట మినిట్స్‌లో ఎలా మారిందో తెలుసుకోవడానికి నెలల తరబడి తిరిగినవారు నాకు తెలుసు. వారికి ఆ గడువు ఎంత విలువైనదో నేను ఊహించగలను.

మన దగ్గర బిల్డరు బోర్డు మీద రాసుకునే టౌన్‌షిప్ ప్రభుత్వం కాదు. పైన హూడి పాఠకురాలికి చెప్పిన యజమానుల సంఘం లాంటిదే దానిలోనూ ఉంటుంది, అంతకు మించి ఏమీ లేదు. అమెరికాలో కూడా అలాంటి సంఘాలు ఉన్నాయి కాని అవి టౌన్‌షిప్ బోర్డుకు వేరుగా ఉంటాయి. రాజ్యాంగంలోని 243క్యూ మన దగ్గర పారిశ్రామిక టౌన్‌షిప్ అనే ఇంకొక రకానికి చోటిచ్చింది. పరిశ్రమలే పౌర సేవలు చూసుకునే ప్రాంతాల్లో మునిసిపాలిటీ ఏర్పాటు చేయనక్కరలేదని దాని సారం. బెంగళూరులోనే ఎలక్ట్రానిక్స్ సిటీకి 2013లో అలాంటి అథారిటీ వచ్చింది. అది పన్ను వసూలు చేసి రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం చూసుకుంటుంది. పనులు చక్కగా జరుగుతాయన్న మంచిపేరు దానికుంది, నేనూ కాదనను. కాని అందులో ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న సభ లేదు. చుట్టుపక్కల గదుల్లో, పీజీల్లో ఉంటూ ఆ రోడ్ల మీద నడిచి పనికి వెళ్ళే వేలాది మంది మనవాళ్ళకు అక్కడ మైకు ఎవరిస్తారు? చక్కటి రోడ్డు కావాలంటే ఓటు వదులుకోవాలన్న లెక్క నాకు సమ్మతం కాదు.

సైనిక స్థావరాల్లో కంటోన్మెంట్ బోర్డులు మూడో రకం. చెన్నైలో మీ బంధువులు ఎవరైనా సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం వైపు ఉంటే వారికి ఇది తెలిసే ఉంటుంది. చట్టం ప్రకారం అక్కడ సైనికాధికారి అధ్యక్షుడు, పౌరులు ఎన్నుకున్న సభ్యులు ఆయన పక్కన కూర్చోవాలి.

ప్రశ్న: మా కొత్త అపార్ట్‌మెంట్ సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఎవరూ ముందుకు రాకపోతే ఒప్పుకున్నాను. బిల్డరు కాగితాలు ఇంకా అప్పగించలేదు, నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు చూస్తే గుండె దడగా ఉంది, వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవే. ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక యువ పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: ముందుగా మీకు నా అభినందనలు. జీతం లేని, తిట్లు మాత్రం దండిగా ఉండే పని ఒప్పుకున్నారు.

బిల్డరు విషయంలో 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం మీ పక్షాన ఉంది. నిర్మాణం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో ఉమ్మడి భాగాలతోపాటు ప్లాన్లు, అవసరమైన పత్రాలు సంఘానికి అప్పగించాలి. ఇల్లు అప్పగించిన అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. ఇవి నోటితో అడగకండి. ఏయే కాగితాలు రావాలో జాబితా రాసి, కమిటీ తీర్మానం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. లిఫ్టు, అగ్నిమాపక అనుమతులు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) అనుమతి, బోర్ల లోతు, మంజూరైన ప్లాను, కార్పస్ ఫండ్ (ఉమ్మడి మూలనిధి) లెక్క అందులో తప్పక ఉండాలి. గోడలోపల గొట్టాలు ఎలా పోతున్నాయో చూపే పటం కూడా అడగండి. దాని విలువ మొదటి లీకు వచ్చిన రాత్రి తెలుస్తుంది.

వాట్సాప్ గ్రూపును సమాచారానికి మాత్రమే ఉంచండి. బొటనవేలు బొమ్మలు లెక్కపెట్టి దాన్ని తీర్మానం అనుకోవడం చాలా సంఘాల్లో చూస్తున్నాను. అది చెల్లదు. రేపు ఒక్క సభ్యుడు కోర్టుకు వెళ్తే నిలిచేది నోటీసు, కోరం (కనీస హాజరు), మినిట్స్ పుస్తకం. రాబడి, ఖర్చులు తేదీల వారీగా రాయాలనీ, వోచర్లతో సహా యజమానులు పనిదినాల్లో చూసుకునే వీలుండాలనీ, ఏడాదికొకసారి బయటి ఆడిటరుతో తనిఖీ చేయించాలనీ 1972 చట్టమే చెబుతోంది. అడిగినవారికి లెక్కలు చూపిస్తే అనుమానిస్తున్నారని కొందరు కార్యదర్శులు నొచ్చుకుంటారు. మీరు నొచ్చుకోకండి. అడగకముందే ఫైలు బల్ల మీద పెట్టండి.

చెత్త విషయం త్వరగా తేల్చవచ్చు. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, శానిటరీ చెత్తకు ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి అన్న పద్ధతి హైకోర్టు ఆదేశంతో 2016 ఫిబ్రవరి నుంచి ఈ నగరంలో ఉంది. ఇంటింటికీ వెళ్ళి నేర్పవలసినది ఇళ్ళలో పనిచేసే అక్కలకు. యజమానులకు నోటీసు అంటించి ఊరుకుంటే ఫలితం ఉండదు.

నీళ్ళ గురించి మా అపార్ట్‌మెంట్‌లో జరిగినదే చెబుతాను. 2024 మార్చిలో నగరమంతా నీటికి కటకటలాడినప్పుడు మా బోర్లు రెండూ ఎండిపోయాయి. కావేరి అయిదో దశ నీరు అప్పటికి రాలేదు, అది ప్రారంభమైంది ఆ ఏడాది అక్టోబరులో. రోజంతా ట్యాంకర్లే. నెలాఖరున బిల్లు చూసి కమిటీలో ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలైంది, మాటలు పెరిగాయి, ఇద్దరు రాజీనామా చేశారు. చివరికి సంగతి తేల్చింది గేటు దగ్గర సెక్యూరిటీ తాత తనంతట తాను రాసుకుంటున్న ఒక నలభై పేజీల పుస్తకం. ట్యాంకరు వచ్చిన వేళ, బండి సంఖ్య, డ్రైవరు సంతకం, అంతే. సరఫరాదారు బిల్లులో ఆ వారానికి అయిదు ట్యాంకర్లు ఎక్కువ ఉన్నాయి. పుస్తకం ముందు పెడితే ఆయన మారుమాట్లాడకుండా బిల్లు సవరించి ఇచ్చాడు. రాజీనామా చేసిన ఇద్దరూ అదే సాయంత్రం తిరిగి వచ్చారు.

తర్వాత మేం చేసినదల్లా ఆ పుస్తకానికి ఇంకో రెండు గళ్ళు చేర్చడమే: నీళ్ళు దించకముందు సంపు మీటరు ఎంత, దించాక ఎంత. పన్నెండు వేల లీటర్లని చెప్పిన బండిలో నిజంగా ఎన్ని ఉన్నాయో అందులో తెలిసిపోతుంది. పుస్తకాన్ని గేటు పక్కన మేకుకు దారంతో కట్టి వేలాడదీశాం. అద్దెకున్నవారైనా, యజమానులైనా, పాలు పోసే అబ్బాయైనా తెరిచి చూడవచ్చు. మీరు ఈ ఆదివారమే అలాంటిది ఒకటి కొని, మొదటి పేజీ మీద తేదీ వేసి, మీ గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన చేతికివ్వండి.